తలుపుల మీద లెక్కలు

రాహేలు టీచరమ్మ ఎసొంటి మనిషని ఎవలనడిగినా ఆమె మంచితనమే చెప్తరు. నేను గట్ల చెప్ప. ఆమె మొండితనం నేను చూసినంత ఎవ్వలు చూడలె. నా పేరు ఆనందరావు, బడుల తనిఖీ దఫ్తర్ల గుమస్తాగ చేసిన. పాతబస్తీల పదకొండు బడుల కాగితాలు నా టేబుల్ మీదికెల్లే పోతుండె. పురానాపూల్ బడి కాగితాలు తెచ్చేది రాహేలమ్మ. ఒక్క సంతకం కోసం మూడుసార్లు నడిచొస్తది. మూడోసారి గూడ "అన్నా, జర చూడు" అంటదే గని మొఖం మాడ్చుకోదు. మాడేది నా మొఖమే. ఇంటికి పోయినంక "ఆ టీచరమ్మ మల్లొచ్చింది, నా పానం తింటుంది" అని గులుగుతుండె.

ఆమెది బహదూర్‌పురా. బాపు ఇశ్రాయేలు రైల్వేల గ్యాంగ్‌మన్. సుత్తె కొట్టి కొట్టి చేతులు కాయలు కాసిన మనిషి, బిడ్డకు మాత్రం టీచర్ ట్రైనింగ్ చదివిచ్చిండు. అరవై తొమ్మిదిల ఆమెకు నౌకరి వచ్చింది. కొత్త చీర కట్టుకోని, టిఫిన్ డబ్బ పట్టుకోని బడికి పోతే గేటుకు తాళం. అది తెలంగాణ లొల్లి నడిచిన ఏడు, బడులు నెలల కొద్ది బందైనయి. మల్ల తెరిచిన్నాడు రిజిష్టర్ల ముప్పై రెండు పేర్లుంటే ఇరవై మందే వచ్చిండ్రు. కడమ పన్నెండు మంది ఇగ రానే లేదు. ఒకడు సైకిల్ షాపుల చేరిండు, ఇద్దరు ఉస్మాన్‌గంజ్‌ల మూటలు మోసేకాడికి పోయిండ్రు, ఒక పిల్లకు పెండ్లి చేసిండ్రు. ఆ పన్నెండు పేర్లు ఆమె ఎన్నేండ్లకైనా వేళ్ల మీద చెప్పేది.

"బడి బందు పెట్టినోళ్లు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తరన్నా. అందాక పిల్లలు ఆగుతరా? ఇంట్ల ఆకలి ఆగదు గద" అని ఒకసారి నాతోని అన్నది. నేను కాగితాల మీద ముద్రలు కొట్టుకుంటనే "నిజమేనమ్మా" అన్న. మాట చెవుల పడ్డది గని లోపలికి పోలె.

ఇగ అసలు ముచ్చట. ఏ ఏడని మాత్రం అడగకుండ్రి. ఎనభైల్ల మా దిక్కు కర్ఫ్యూ లేని ఏడేదో చెప్పుమంటే ఆలోచన చేసి చెప్త. ఫిబ్రవరి నడుమల కొట్లాటలై కర్ఫ్యూ పెట్టిండ్రు. పొద్దున పది నుంచి పన్నెండు దాక ఢీల్, అంటే జనాన్ని బయటికి ఇడిసే టైం. నీళ్లు, బియ్యం, దవాఖాన, అన్నీ ఆ రెండు గంటల్లనే. బడులు బందు. ఏప్రిల్ మొదట్ల ఏడో తరగతి పిల్లలకు బోర్డు పరీక్ష ఉండె. జర వెనక్కి జరుపుండ్రని మేము రాస్తే, నాలుగు గల్లీల కోసం అందరి పరీక్ష ఆపలేమని పైనుంచి జవాబు వచ్చింది. పిల్లలు ఇండ్లల్లనే చదువుకునేటట్టు ప్లాన్ చేసి పంపుండ్రని కింద ఒక వాక్యం.

రాహేలమ్మ దగ్గర ఆ ఏడు ఏడో తరగతిల నలభై ఇద్దరు. అందరి ఫికర్ ఉండె గని, ఒక్క పిల్ల ఫికర్ ఆమెను కూసోనియ్యకుండె. ఎల్లమ్మ బిడ్డ రాజమణి. ఎల్లమ్మ మూసీ దిక్కు గల్లీల ఉంటది. మొగడు లేడు. ఇంట్ల పీట ముందరేసుకోని అగర్బత్తీలు చుడుతది. రాజమణి వెనుక ఇంకిద్దరు చిన్న పిల్లలు. బిడ్డ చెయ్యి గూడ పీట మీద పడితే ఇల్లు కొంచెం నడుస్తదని ఎల్లమ్మ రెండేండ్ల సంది అంటనే ఉండె. రాహేలమ్మ పోయి పోయి, బతిమిలాడి, ఏడు దాక తెచ్చింది.

"ఈ ఒక్క పరీక్ష చూస్త టీచరమ్మా. పాసైతే ఎనిమిదిల వేస్త. లేకుంటే పీట ముందర కూసోవెడత. మల్ల మీరు నా ఇంటి గడప తొక్కొద్దు" అని ఎల్లమ్మ తేల్చి చెప్పింది.

"పాస్ చేపిచ్చే పూచీ నాది" అన్నది రాహేలమ్మ. ఆ మాట అన్న పదో దినమే బడి బందైంది.

ప్లాన్ రాసింది నేను. మా పెద్దసారు బసవయ్య "ఆనందరావ్, ఇది నీ తెలివికి పని" అనంగనే నేను పూరీ లెక్క ఉబ్బిన. పాఠాలు స్టెన్సిల్ మీద రాపిచ్చి, సైక్లోస్టైల్ మిషన్ మీద కాపీలు తీపిచ్చిన. ఢీల్ గంటల్ల పాల బూతులు తెరుస్తరు గద. కార్డు చూపిచ్చి పాల సీసాలు తీసుకునేటప్పుడు పిల్ల పాఠం గూడ ఇయ్యాలె. తెల్లారి ఖాళీ సీసతోని జవాబు కాగితం వాపస్ రావాలె. వారం తిరిగేసరికి పది కాగితాలకు ఏడు వాపస్ వచ్చినయి. బసవయ్య సారు వీపు తట్టిండు. పైకి పంపే రిపోర్టుల నా పేరు గూడ రాసిండు. నేను ఆ రిపోర్టు నాలుగుసార్లు చదువుకున్న.

అయిదో సారి చదువుతుంటే రాహేలమ్మ వచ్చి నిలబడ్డది. చేతిల దఫ్తర్‌కు వచ్చి పోను మాత్రమే పనికొచ్చే కర్ఫ్యూ పాసు, చీర కుచ్చిళ్లకు దుమ్ము.

"నా నలభై ఇద్దరిల పందొమ్మిది మందే రాసిండ్రన్నా."

"కడమోళ్లు చదువుతలేరు కావచ్చు."

"వాళ్ల ఇండ్లల్ల పాల కార్డు లేదు" అన్నది. "నల్ల చాయ్ తాగెటోళ్లు పాల బూతుకాడికి ఎందుకొస్తరు?"

నాకు చెంప మీద కొట్టినట్టైంది. ఆమె మెల్లగనే అన్నది, నాకే అట్ల తాకింది. మా ఇంట్ల పాల కార్డు ఉన్నది. అది లేని ఇల్లు ఉంటదని నా తలకాయకు తట్టనే లేదు. పదకొండు బడులకు ప్లాన్ రాసినోన్ని, మా ఇంటి గుమ్మం దాటి ఆలోచన చేయలె. గని అప్పుడు ఒప్పుకుంటే నేనేంది! "అయితే నువ్వే చెప్పమ్మా, ఎట్ల చేద్దమో" అని ఎదురు కసురుకున్న.

ఆమె కసురుకోలె. అప్పటికే ఆలోచన చేసుకోని వచ్చింది. "కాగితమే వద్దన్నా. అందరి ఇంటికి తలుపుంటది. లోపలి దిక్కు చాక్‌పీసుతోని లెక్క రాస్త. ఇంట్లోళ్లకు చెప్పి వస్త. పిల్ల కింద జవాబు రాస్తది. తెల్లారి పోయి చూసి, తుడిచి ఇంకోటి రాస్త."

అల్మారల నుంచి రెండు డబ్బల చాక్‌పీసులు తీసిచ్చిన. బసవయ్య సారుకు చెప్పేది గూడ మరిచిన.

కార్డు లేని ఇండ్లు ఇరవై మూడు. బడి పక్క గల్లీల పన్నెండు, మూసీ దిక్కు పదకొండు. మొదటి వారం ఆమె పక్క గల్లీలకు పోయింది. మంచిగ నడిచింది. తలుపు మూసుకోని ఇంట్ల కూసున్న పిల్లలకు ఆ తలుపే పలకైంది. ఒకళ్లింట్ల తాత గూడ పిల్లగానితోని కూసోని లెక్క చేసిండట. గని పోయిన ప్రతి ఇంట్ల ఆడోళ్లు ఆమెను పట్టుకునేది. టీచరమ్మా బియ్యం దొరికినయా, బయట ఎట్లున్నది, మా తమ్ముడు ఇంటికి రాలె, ఎవల్నడగాలె? రెండు గంటల్ల పన్నెండిండ్లు అయ్యేసరికే సైరన్ మోగేది. మూసీ దిక్కు పోయే టైమే లేకుండె. రాజమణి ఇల్లు ఆ దిక్కే. పరీక్షకు ఇరవై దినాలున్నయి.

ఆమె మల్ల నా దగ్గరికొచ్చింది. "సరిపోతలేదన్నా" అన్నది.

నేను గడియారం చూసి లెక్క కట్టిన. దాంట్ల నేను మొనగాన్ని. "లోపలికి పోతే మాటల్ల పెడతరు. ఆ పదకొండిండ్లకు బయటి దిక్కు రాసుకుంట పో. ఎవ్వలతోని మాట్లాడకు. ఇరవై నిమిషాల పని."

"చెప్పకుండనా?" అన్నది. "ఇంట్లోళ్లకు చెప్పకుండ ఎట్లన్నా?"

"నీ చేతిరాత పిల్లలకు తెల్వదా ఏంది? టైం లేదంటవు, మల్ల ముచ్చట్లు పెడతనంటవు" అని గరమైన. ఆమె తల ఊపి పోయింది. ఆమె జిందగీల నా మాట మారు మాట్లాడకుండ విన్నది అదొక్కసారే.

తెల్లారి పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు ఆమె ఆ గల్లీలకు పోయింది. జనమంత నల్లాకాడ, రేషన్ దుకాణంకాడ వరుసల ఉండిరి. గల్లీ ఖాళీ. పదకొండు తలుపుల మీద తెల్లగ, పెద్దగ భిన్నాల లెక్కలు రాసింది. అంకె, కింద గీత, గీత కింద ఇంకో అంకె. రెండు తలుపుల మీద త్రిభుజం గూడ గీసింది. సైరన్ మోగంగనే వచ్చేసింది.

మీరు జర ఆలోచన చేయుండ్రి. ఊళ్లె కర్ఫ్యూ. ఏ ఇంటికి ఎవడొస్తడో అని జనం పానాలు పిడికిట్ల పట్టుకోని ఉన్నరు. నీళ్ల బిందెతోని ఇంటికొచ్చేసరికి తలుపు మీద నంబరు. పక్కింటికి లేదు, ఎదురింటికి లేదు, మన ఇంటికే ఉన్నది. మూడిండ్లవుతల ఇంకొక దానికున్నది. అడుగుదమంటే సైరన్ మోగింది, బయటికి రానియ్యరు. ఆ నంబరును తలుపుకు పెట్టుకోని వాళ్లు తెల్లారి పది దాక ఇంట్ల కూసున్నరు. పాతబస్తీల పుట్టి పెరిగినోన్ని, నాకు తట్టలె. రాహేలమ్మకు తట్టలె. మేమిద్దరం లెక్కలే చూసినం.

ఢీల్ ఇచ్చినంక ఆమె పోయేసరికి పదకొండు తలుపులూ తడిబట్టతోని తుడిచి ఉన్నయి. ఎనిమిదింటికి తాళాలు. ఎల్లమ్మ పక్కింటి రుక్మాబాయి గుమ్మంల నిలబడి ఉండె.

"ఎవడో ఇండ్లకు నిశాన్ పెట్టి పోయిండు టీచరమ్మా. నిశాన్ ఉన్నోళ్లు మూటలు గట్టుకోని ఉరికిండ్రు" అన్నది. "రాజమణి ఒక్కతే, ఇది మా టీచరమ్మ రాత, లెక్క ఇది, అని మొత్తుకున్నది. ఎల్లమ్మ దాని నోరు మూసి, రెక్క పట్టి గుంజుకపోయింది."

రాహేలమ్మ అక్కడనే మోరీ గట్టు మీద కూలబడ్డదట. గని ఎంతసేపో కూసోలె. లేచి గల్లీ నడుమల నిలబడి, అందరికి ఇనబడేటట్టు, "నిశాన్ కాదు. పిల్లల లెక్కలు. రాసింది నేనే. తప్పు నాది" అని చెప్పింది. అట్ల మూడు దినాలు, రెండు గంటలూ, ప్రతి గల్లీల చెప్పుకుంట తిరిగింది. కొందరు నవ్విండ్రు. చాలా మంది తిట్టిండ్రు. గుండయ్య అనే కిరాణం షాపాయన "చదువుకున్నదానివి, నీకు బుద్ధి ఉన్నదా?" అని మొఖం మీదనే అడిగిండు. "లేకపోయింది" అన్నది ఆమె. మాట ఊరంత తిరిగి, పోయిన ఎనిమిదిండ్లోళ్లల్ల ఏడిండ్లోళ్లు వాపస్ వచ్చిండ్రు. ఎల్లమ్మ రాలె. షాద్‌నగర్ అవుతల చెల్లె ఉన్నదని తెలుసు గని, ఏ పల్లెనో గల్లీల ఎవ్వలకు తెల్వది.

సంగతి బసవయ్య సారు దాక పోయింది. నా ముందరనే ఆమెను పిలిచి అడిగిండు. "బయటి దిక్కు రాయుమని ఎవలు చెప్పిండ్రు?"

"నేనే" అనాలె. ఒక్క మాట. నోరు తెరిచిన గూడ. గని రిపోర్టుల నా పేరున్నది, ఆ నెలల్లనే నా ప్రమోషన్ కాగితం పైకి పోయి ఉండె. నోరు మూసుకున్న.

"చాక్‌పీసు పట్టింది నా చెయ్యి సార్" అన్నది రాహేలమ్మ.

ఆమెకు మెమో ఇచ్చిండ్రు. సర్వీసు బుక్కుల రిమార్కు రాసిండ్రు. ఆ మెమో టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం గూడ తప్పు పోలె.

పరీక్షలనాటికి పగటిపూట కర్ఫ్యూ తీసేసిండ్రు. ఆరు దినాలు ఆమె సెంటర్ గేటుకాడ రాజమణి హాల్‌టికెట్ పట్టుకోని నిలబడ్డది. నలభై ఒక్క మంది లోపలికి పోయిండ్రు. పరీక్షలు ఒడిసిన నాలుగో దినం ఎల్లమ్మ ఇల్లు తెరిచింది. రాహేలమ్మ పోయేసరికి రాజమణి పీట ముందర కూసోని ఉండె.

ఎల్లమ్మ ఊకుంటదా? "పూచీ నాది అన్నవు గద టీచరమ్మా. నా గుండె ఆగేటట్టు చేసి, నా బిడ్డ పరీక్ష పోగొట్టి, ఇప్పుడేం ముచ్చట చెప్పొచ్చినవు?" అన్నది. ఇంకా చానా అన్నది. రాహేలమ్మ అన్నీ విని, "వచ్చేటేడు ప్రైవేటుగ రాపిస్త. పని ఇడిసిపెట్టొద్దు. పిల్ల పీట ముందరికెల్లి లేవనక్కర లేదు. నేనే వచ్చి పక్కన కూసుంట" అన్నది.

ఆ సంవత్సరం ఆమె చేసిన పని ఎవ్వలు నమ్మరు. నేను కండ్లతోని చూసిన గనుక చెప్తున్న. బడి ఇడిసినంక ప్రతి దినం ఎల్లమ్మ ఇంటికి పోయేది. రాజమణి పక్కన ఇంకో పీటేసుకోని అగర్బత్తీలు చుట్టేది. చుట్టుకుంటనే చరిత్ర చెప్పేది, లెక్కలు అడిగేది, పిల్ల నోటితోనే జవాబు చెప్పేది. పిల్ల చదువుల పడి చుట్టుడు తక్కువైతే ఆ తక్కువను ఆమె నింపేది. ఎల్లమ్మ సాధింపు మాత్రం ఆగలె. ఇసుమంత లావైతే "గిది గూడ రాదు" అని ముందరేసేది. టీచరమ్మ విప్పి మల్ల చుట్టేది. తెల్లారి బడిల పిల్లలు అగర్బత్తీ మసాల అంటి నల్లబడ్డ ఆమె వేళ్లను చూసి నవ్వేదట.

నాకు ప్రమోషన్ వచ్చింది, అదే దఫ్తర్ల. అదే వానకాలంల మల్ల పన్నెండు దినాలు కర్ఫ్యూ పెట్టిండ్రు. ఈసారి నేను ప్లాన్ రాసే ముందు పురానాపూల్‌కు నడుచుకుంట పోయి ఆమెతోని కూసున్న. పాల కార్డు లేని ఇండ్ల పేర్లు ముందు రాసినం. ఏ గల్లీల ఎవల మాట నడుస్తదో కనుక్కోని, వాళ్లకు చెప్పినంకనే పాఠం పోవాలని రాసినం. ఇంటికి ముందు మనిషి పోవాలె, వెనుక కాగితం పోవాలె. అదే ప్లాన్ పదకొండు బడులకు పంపిన. గొప్పగ నడిచిందని చెప్ప. అందరు పిల్లలు చదివిండ్రని గూడ చెప్ప. ఎవ్వలు ఇల్లిడిసి ఉరుకలె, అంతే.

ప్లాన్ కోసం ఆమెతోని కూసున్న దినమే అడిగిన. "నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏం ఫాయిదా అన్నా? నిన్ను ఇంకో ఊరికి తోలుదురు. నీ కుర్సీల కొత్తోడు కూసుంటడు. మల్ల బడులు బందైతయి, వాడు మల్ల పాల కార్డుతోనే షురూ చేస్తడు" అన్నది. నవ్వుకుంటనే అన్నది. నాకు నవ్వు రాలె. ఆమె నన్ను కాపాడలె, పనికొస్తనని పెట్టుకున్నది. అది తెల్సి నాకు ఇంకింత బాధైంది.

ఏప్రిల్ వచ్చింది. లెక్కల పరీక్ష దినం నేను సెలవు పెట్టి సెంటర్‌కాడికి పోయిన. రాజమణి లోపలున్నది. గేటుకు ఈ దిక్కు ఎల్లమ్మ, ఆ దిక్కు చాయ్ బండికాడ రాహేలమ్మ. ఏడాది ఒకే ఇంట్ల కూసున్నోళ్లు, బయట మాత్రం దూరం దూరం. నేను ఎల్లమ్మ దగ్గరికి పోయిన. దఫ్తర్ సారునని ఆమెకు తెలుసు. లేచి నిలబడి "నమస్తే సారూ" అన్నది.

ఇగ ఆగలేకపోయిన. తలుపుల మీద బయటి దిక్కు రాయుమన్నది నేనని, ఇంట్లోళ్లకు చెప్పకుండ ఎట్లని ఆమె అడిగితే కసురుకున్నది నేనని, సారు అడిగిన్నాడు నోరు మూసుకున్నది నేనని, మొత్తం చెప్పిన. కండ్లల్ల నీళ్లొచ్చినయి. చెప్తే గుండె బరువు దిగుతదనుకున్న.

ఎల్లమ్మ నన్ను తిట్టలె. "ఏడాది పొడుగు ఆమెను అనరాని మాటలన్న. ఒక్కనాడు గిలాసెడు మంచినీళ్లు గూడ ఇయ్యలె. తిట్టేది ఒకల్నైతే తిట్టింది ఇంకొకల్ని" అన్నది. "ఆమె నా ఇంట్ల పీట ముందర కూసున్నది. మరి మీరు ఈ ఏడాది ఏం చేసిండ్రు?"

నేను కండ్లు తుడుచుకోని గేటు దిక్కు తిరిగిన.

గంట కొట్టిండ్రు. పిల్లలు బిలబిల బయటికొచ్చిండ్రు. రాజమణి తల్లి దిక్కు ఉరికొచ్చింది గని తల్లి అక్కడ లేదు. ఎల్లమ్మ సడక్ దాటి చాయ్ బండికాడికి పోయి, రాహేలమ్మ చేతులు రెండూ పట్టుకోని ఏడుస్తుంది. రాహేలమ్మ చేతులు ఇడిపిచ్చుకుంట "ముందుగాల పిల్లనడుగు, ఎన్ని రాసిందో" అంటుంది.

రాజమణి పాసైంది. ఎనిమిదిల చేరింది. ఆ తర్వాత గూడ పురానాపూల్‌ల ఎల్లమ్మ నాకు ఎదురుపడేది. రాహేలమ్మను చూస్తే దూరం నుంచే "అక్కా" అని పిలిచేది. నన్ను చూసి మాత్రం ఇంకెన్నడు సారూ అనలె.